కార్తీకంలో పెరటి తోట: ఏ గింజ ఇప్పుడు, ఏ గింజ సంక్రాంతి తర్వాత?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన పడమటి మండలాల వాళ్ళ కోసం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వీటి చుట్టుపక్కల పల్లెలు. మిగతావాళ్ళు కూడా చూడొచ్చు, కానీ నేను చెప్పే తేదీలు మీ ఊరికి అలాగే పనికిరావు. ఎందుకో మధ్యలో చెప్తాను.

ఇప్పుడు నవంబరు మొదటి వారం. కార్తీక మాసం నడుస్తోంది. జూన్‌లో విత్తుకోవాల్సిన తోట చాలామంది విత్తుకోలేదు. కొందరికి వాన రాలేదు, కొందరికి వచ్చి కొట్టుకుపోయింది. కొందరిది ఇల్లు కట్టే పని. సరే, కారణం ఏదైనా ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు మొదలుపెడితే కాయ చూస్తామా?"

చూస్తాం. కానీ అన్నీ ఒకేరోజు విత్తితే చూడం. నర్సరీకి పోయి పది రకాల ప్యాకెట్లు తెచ్చి, ఆదివారం పూట పదీ మట్టిలో వేసేసి, డిసెంబరులో "బెండ మొలవలేదు, మిరప మొలవలేదు, విత్తనాలు మోసం" అనుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. విత్తనాలది తప్పు కాదండీ. అందులో సగం గింజలు ఇప్పుడు వెయ్యాల్సినవి, పావు వంతు ఇప్పుడే కానీ ఇంట్లో వెచ్చగా మొలిపించాల్సినవి, మిగతా పావు సంక్రాంతి దాకా డబ్బాలోనే ఉండాల్సినవి.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇంగ్లిష్ వీడియోల్లో చూసుంటారు, "ఫలానా తేదీకి మంచు పడుతుంది, ఆలోగా కోత అయిపోవాలి" అని వెనక్కి లెక్కపెడతారు. మనకు మంచు గడ్డకట్టి మొక్క చచ్చేది లేదు. చలి మనకు కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతే. మన ఆఖరి తేదీ ఎండ, నీళ్ళు. మార్చి సగమయ్యేసరికి ఎండ మొదలవుతుంది, చాలా ఇళ్ళల్లో బోరు తగ్గుతుంది. పది అడుగులు పొడవు, పది అడుగులు వెడల్పు ఉన్న తోటకు డిసెంబరులో రోజుకు రెండు మూడు బకెట్లు చాలు. ఏప్రిల్‌లో అదే తోట నాలుగు బకెట్లు అడుగుతుంది, ఆ నెలలోనే మీకు తాగడానికి ట్యాంకర్ పిలవాల్సి వస్తుంది. కాబట్టి మన తోట ముఖ్యమైన కాపంతా మార్చి ఆఖరుకు ఇచ్చెయ్యాలి. ఆ తేదీ నుంచి వెనక్కి రండి. ఇవాళ ఉన్నది సుమారు నూట నలభై రోజులు. టమోటాకి సరిపోతుంది. వంకాయకి సరిపోతుంది. మిరపకి సరిగ్గా అంచు మీద ఉంటుంది. ఇంకో రెండు వారాలు ఆగి మొదలుపెడితే మిరప మన చేయి దాటిపోయినట్టే.

ఇక చలి సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్ర మట్టానికి సుమారు ఏడొందల మీటర్లకు అటూఇటూగా ఉన్నాయి. తిరుపతి చూస్తే రెండొందల మీటర్ల లోపే. ఘాటు దిగి పోతుంటే చొక్కా తడిసేది అందుకే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ళకు పైగా కిందట క్షయ రోగుల ఆస్పత్రి పెట్టారంటే ఈ గాలి చూసే కదా. మనుషులకు హాయి. మిరప గింజకు మాత్రం హాయి కాదు. డిసెంబరులో రాత్రి మనకు 15, 16 డిగ్రీలకు దిగుతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందికే. పగలు 26, 27. అంటే మట్టి సగటున 20 దగ్గర ఉంటుంది. తిరుపతిలో, నెల్లూరులో అంత దిగదు. వాళ్ళ క్యాలెండరు మనకు, మన క్యాలెండరు వాళ్ళకు పనికిరాదని అందుకే అన్నాను.

మట్టి వెచ్చదనాన్ని బట్టి మొలక ఎన్ని రోజులకు వస్తుందో విత్తన శాస్త్రంవాళ్ళు ఎప్పుడో కొలిచి పెట్టారు. మిరప 25 డిగ్రీల దగ్గర సుమారు 8 రోజులకు మొలుస్తుంది. 20 దగ్గర 13 రోజులు. 15కి దిగితే 25 రోజులు. చూశారా, పది డిగ్రీల తేడాకి మూడింతలు. టమోటా 25 దగ్గర ఆరు రోజులు, 15 దగ్గర రెండు వారాలు. బెండ 30 దగ్గర వారానికే లేస్తుంది, 20 దగ్గర 17 రోజులు తీసుకుంటుంది, 15 దగ్గర దాదాపు నెల. నెల రోజులు తడి మట్టిలో పడి ఉన్న గింజ గింజగా ఉంటుందా? సగం కుళ్ళిపోతాయి, మిగతా సగం చీమలకు. అదే క్యారెట్టు, బీట్‌రూటు చూడండి, 15 డిగ్రీల దగ్గరా పది రోజులకు లేస్తాయి. చలి వాటికి లెక్కలేదు.

కాబట్టి మన పని ఏమిటంటే, మిరప, వంగ, టమోటా ఈ మూడింటికీ మొలక వచ్చేదాకా వెచ్చదనం మనమే ఇవ్వాలి. మొలిచాక చలి పెద్ద ఇబ్బంది కాదు, నిదానంగా అయినా పెరుగుతాయి.

(ట్రే చూపిస్తూ) ఇదిగో ఇది 98 గుంతల ట్రే. మదనపల్లె వాళ్ళకు దీని గురించి నేను చెప్పక్కర్లేదు. టమోటా నారు పెంచే షెడ్‌నెట్ నర్సరీలు మన దగ్గర ఉన్నన్ని ఎక్కడున్నాయి? ఆ నర్సరీల్లో ఒకటి గమనించండి. గింజ వేశాక ట్రేలను వెంటనే పరవరు. పదేసి ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ పట్ట కప్పి, మొలక తల ఎత్తేదాకా కొన్ని రోజులు ఉంచుతారు. లోపల వేడి, తేమ రెండూ నిలుస్తాయి. మనం చెయ్యాల్సింది అదే, చిన్నగా. ట్రే లేకపోతే పేపరు టీ కప్పులు, అడుగున చిల్లి పెట్టి. కొబ్బరి చిప్పలైనా సరే. కోడిగుడ్ల అట్ట మాత్రం వద్దు, పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతుంది.

నింపేదానికి కొబ్బరి పీచు పొడి, అదే కోకోపీట్, రెండు వంతులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక వంతు. కోకోపీట్ ఇటుక నానబెట్టాక నీళ్ళు పిండి పారబోయండి, మళ్ళీ నానబెట్టి మళ్ళీ పిండండి. అందులో ఉప్పు ఉంటుంది, కడక్కుండా వాడితే మొలక అంచులు మాడతాయి. పెరట్లో మట్టి నేరుగా కప్పులో నింపొద్దు. మన ఎర్రమట్టి నేలలో అయితే బాగుంటుంది, కప్పులోకి వచ్చేసరికి గట్టిపడి ఇటుకలా తయారవుతుంది.

గింజ లోతు, గింజ మందానికి రెండింతలు. టమోటా, వంగ, మిరపకు అర సెంటీమీటరు చాలు. వేసి, తడిపి, పైన ఒక పాత ప్లాస్టిక్ కవరు కప్పి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట పెట్టండి. వంటింట్లో పొయ్యి గట్టు పక్కన, ఫ్రిజ్ మీద, లేదా నీళ్ళు కాచే గదిలో. వెలుతురు అవసరం లేదు, ఇంకా మొలక లేదు కదా. రోజూ పొద్దున ఒకసారి కవరు ఎత్తి చూడండి. ఒక్క మొలక తల కనిపించిందా, ఆ రోజే బయటికి, ఎండలోకి. ఇక్కడే చాలామంది రెండు రోజులు ఆలస్యం చేస్తారు. అన్నీ మొలవనీ అని ఆగుతారు. అప్పటికి ముందు మొలిచినవి తెల్లగా, జానెడు పొడుగు సాగి పడిపోతాయి. మళ్ళీ నిలబడవు. మిగతావి ఎండలో మొలుస్తాయి లెండి, భయపడొద్దు.

మిరప గింజలు పది వేస్తే ఎన్ని మొలవాలి? పది కాదు. మన దేశంలో విత్తన ప్రమాణం ప్రకారం మిరపకు కనీసం 60 శాతం, టమోటా, వంగకు 70, ధనియాలకు 65. అంటే మిరపలో ఆరు మొలిస్తే ప్యాకెట్టు సరైనదే. మీకు ఆరు చెట్లు కావాలంటే పన్నెండు గింజలు వెయ్యండి. ప్యాకెట్టు వెనక పరీక్షించిన తేదీ, గడువు తేదీ రెండూ ఉంటాయి, మామూలుగా పరీక్ష నుంచి తొమ్మిది నెలలు ఇస్తారు. ఈ సీజన్‌లో షాపుల్లో జూన్‌లో మిగిలిపోయిన సరుకు అమ్ముతుంటారు, తేదీ చూడకుండా తీసుకోకండి. ఇంట్లో పాత గింజలుంటే పది గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చగా పెట్టి చూడండి, ఎన్ని పగిలాయో తెలిసిపోతుంది. ఇంకొకటి, గులాబీ రంగో నీలం రంగో పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. పిల్లల చేతికి ఇవ్వొద్దు, మిగిలినవి కోళ్ళకు వెయ్యొద్దు.

"మార్కెట్టు టమోటా పండు పిండి ఆ గింజలు వేసుకుంటే చాలదా?" అని మా వీధిలోనే అడుగుతుంటారు. మొలుస్తాయి. బాగానే మొలుస్తాయి. కానీ మన మార్కెట్‌కి వచ్చేవి దాదాపు అన్నీ హైబ్రిడ్‌లు. ఆ గింజ నుంచి వచ్చే చెట్లు ఒకటి తాతలా, ఒకటి అవ్వలా ఉంటాయి, తల్లి చెట్టుకున్న రోగ నిరోధం అన్నింటికీ రాదు. ఖర్చు లేదు కాబట్టి సరదాకు రెండు వేసుకోండి, తోటంతా వాటి మీద పెట్టొద్దు. గింజ దాచుకోవాలని ఉంటే అర్క వికాస్, పూసా రూబీ లాంటి సూటి రకాలు తీసుకోండి, వాటి గింజ మళ్ళీ అదే కాపు ఇస్తుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడే. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వడలు తెగులు, ఆకుమచ్చ తెగులు, మూడింటినీ తట్టుకునేలా చేశారు. పెరట్లో ఆరే ఆరు చెట్లు పెట్టుకునేవాళ్ళకు నేనైతే అదే చెప్తాను.

ఎందుకంటే మదనపల్లె చుట్టుపక్కల ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట టమోటా చేను ఉంటుంది. చేను ఉన్నచోట తెల్లదోమ ఉంటుంది, తెల్లదోమ ఉన్నచోట ముడత వైరస్ ఉంటుంది. నారు దశలో అంటుకుందంటే ఆ చెట్టు ఇక కాయదు, పీకెయ్యడమే. అందుకే నారు మీద వల కప్పాలి. ఇంట్లో ఉన్న దోమతెర కప్పి నిశ్చింతగా ఉంటారు కొందరు. దోమతెర దోమకే ఆగుతుంది, తెల్లదోమ అందులోంచి దూరిపోతుంది, అది ఒక మిల్లీమీటరు పురుగు. నర్సరీల వాళ్ళు వాడే సన్న కన్నుల నైలాన్ వల, 50 మెష్ అని అడగండి, మీటరు చాలు. అది దొరక్కపోతే పలచటి పాత వాయిల్ చీర, ఎండ బాగా తగిలే చోట పెట్టి. కర్రలు వంచి గూడులా చేసి కప్పండి, ఆకుల మీద పడెయ్యకుండా. అంచులు మట్టితో మూయండి.

ఇంకో శత్రువు నారుకుళ్ళు. ఈ నెలలో మనకు ఈశాన్య వానలు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే మూడు రోజులు ముసురు. 2021 నవంబరు గుర్తుంది కదా, ఎన్ని చేలు నీళ్ళల్లో నిలబడ్డాయో. ఆ ముసురులో నారు మొదలు దగ్గర సన్నబడి, నల్లబడి, ఒక పక్క నుంచి వాలిపోతుంది. మందు కొట్టి నిలబెట్టేది కాదు అది, రాకుండా చూసుకోవడమే. పొద్దున మాత్రమే నీళ్ళు, అదీ పైన ఆరితేనే. సాయంత్రం తడపొద్దు. ముసురు పట్టిన రోజుల్లో ట్రే పంచలోకి తెచ్చెయ్యండి. కోకోపీట్ కలిపేటప్పుడే ట్రైకోడెర్మా పొడి ఒక చెంచా కలుపుకుంటే మంచిది, అది మేలు చేసే శిలీంద్రం, కుళ్ళు తెచ్చేవాటిని పెరగనివ్వదు.

ఇలా చేస్తే టమోటా నారు డిసెంబరు మొదటి వారానికి నాటుకి వస్తుంది, ఫిబ్రవరి సగానికి మొదటి పండు. వంకాయ కూడా దాదాపు అంతే, ఒక వారం వెనక. మిరప నారు నలభై రోజులైనా ఉండాలి, క్రిస్మస్ ముందు నాటితే ఫిబ్రవరి ఆఖరుకు పచ్చి మిరక్కాయలు. మిరప ఒక్కదానికి మాత్రం మార్చి తర్వాత కూడా కొంచెం నీళ్ళు దాచిపెట్టండి, నాలుగు చెట్లకు పట్టేది ఎంత, చెట్టు పక్కన ఒక పాత పంచె నీడ కడితే ఏప్రిల్‌లో కూడా కాస్తుంది.

"ఇంత పని ఎందుకు, కిలో టమోటా పది రూపాయలకు దొరుకుతోందిగా" అంటారు. దొరుకుతుంది, కొన్ని నెలలు. కోత కూలి రాక రైతు రోడ్డు పక్కన పోసిపోయే రోజులూ మనమే చూశాం, 2023 జులైలో మన మదనపల్లె మార్కెట్లోనే కిలో నూటయాభై దాటిన రోజులూ మనమే చూశాం. పది రూపాయల నెలలో కొనుక్కోండి, రైతుకు నాలుగు రూపాయలు పోతాయి. పెరట్లో ఆరు చెట్లు ఉండేది ఇంకో నెల కోసం. టమోటా ఒక్కటే కావాలనుకునేవాళ్ళు గింజ జోలికే పోనక్కర్లేదు, నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి నర్సరీలో ఒక ట్రే నారు కొనుక్కుని పంచుకోండి. నేను వద్దనను.

ఇప్పుడు అనపకాయలు. కోస్తా వాళ్ళు చూస్తుంటే ఒక మాట: మీరు ఆనపకాయ అంటే సొరకాయ. మాకు అనపకాయ అంటే చిక్కుడు జాతిది, గింజ తినేది. సరిహద్దు దాటితే కన్నడంలో అవరె, తమిళంలో మొచ్చై. కుప్పంలో ఒకే వీధిలో మూడు పేర్లూ వినిపిస్తాయి. పితికిపప్పు చేసి రాగి సంగటితో తినకుండా మార్గశిరం గడిచిందంటే ఆ ఏడాది చలికాలం వచ్చినట్టే కాదు మా వైపు.

దీన్ని ఇప్పుడు విత్తొచ్చా? ఇక్కడ చిక్కుంది. మన పాత అనప జూన్, జులైలో సెనక్కాయ చేలల్లో సాళ్ళుగా పడేది. ఎప్పుడు విత్తినా అది పూసేది పొద్దు తగ్గినప్పుడే. మన దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల 20 నిమిషాలు. ఆ తగ్గుదలను చెట్టు గుర్తుపట్టి పూతకు వస్తుంది. జూన్‌లో విత్తితే ఐదు నెలలు తీగ సాగి, బలిసి, అప్పుడు పూస్తుంది కాబట్టి కాపు దండిగా ఉంటుంది. నవంబరులో విత్తితే ఏమవుతుంది? పొద్దు ఇప్పటికే తక్కువ. మూరెడు ఎదగ్గానే పూత. కాయలు వస్తాయి, కానీ ఒక చెట్టుకు గుప్పెడు. "ఎరువు చాలలేదేమో" అని ఇంకా ఎరువు పోస్తారు, దానికి ఎరువుతో పనిలేదు.

దారి ఉంది. పొద్దుతో సంబంధం లేకుండా కాసే పొట్టి రకాలు వచ్చాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళవి హెబ్బాళ్ అవరె 3, 4. హెసరఘట్ట వాళ్ళవి అర్క జయ్, అర్క విజయ్. పందిరి అక్కర్లేదు, పొదలా ఉంటుంది. ఇప్పుడు విత్తితే రెండు, రెండున్నర నెలల్లో పచ్చికాయ. మట్టిలోనే నేరుగా, అంగుళం లోతు, జానెడు దూరం. పాత అనపకాయ ఘుమఘుమ వీటికి ఉంటుందా అంటే, పూర్తిగా ఉండదని నా నోరు చెప్తుంది. అందుకని పాత రకం విత్తనం ఇంట్లో ఉన్నవాళ్ళు దాన్ని ఇప్పుడు మట్టిలో పోసి ఖర్చు చెయ్యొద్దు. బూడిద కలిపి, మూత గట్టి డబ్బాలో పెట్టి జూన్‌కి ఉంచండి. పుంగనూరు పల్లెల్లో ఇళ్ళల్లో దాచుకునే ఆ గింజలు షాపుల్లో దొరకవు, ఒక ఏడాది పోగొట్టుకుంటే మళ్ళీ ఎవరినో అడుక్కోవాలి.

పుంగనూరు పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, "పుంగనూరు ఆవు పేడే వాడాలా?" అని ఫోన్లు వస్తుంటాయి. ఆ పొట్టి ఆవు మన గర్వం, సరే. పేడ ఏ ఆవుదైనా బాగా మాగి ఉండాలి, అంతే. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు.

నేరుగా మట్టిలో వేసేవి త్వరగా చెప్పేస్తాను. బీన్స్, ముల్లంగి, బీట్‌రూటు, క్యారెట్టు, మెంతి, కొత్తిమీర, పాలకూర. ఇవన్నీ ఈ వారమే వెయ్యొచ్చు, సంక్రాంతి దాకా పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం వెయ్యొచ్చు. ముల్లంగి నలభై ఐదు రోజులు, బీట్‌రూటు రెండు నెలలు దాటి, క్యారెట్టు మూడు నెలలు. క్యారెట్టు, ముల్లంగి, బీట్‌రూటు నారు పోసి నాటే పని పెట్టుకోవద్దు, పీకి నాటితే క్యారెట్టు, ముల్లంగి గడ్డ వంకర్లు పోతుంది. బీట్‌రూటు గింజ అని మనం అనుకునేది ఒక గుత్తి, ఒక్కదాంట్లోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, ఒకటి ఉంచి మిగతావి గిల్లేయండి. క్యారెట్టు గింజ సన్నం, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, మొలిచేదాకా పైన తడి గోనెపట్టా కప్పండి. మూడో రోజు నుంచి రోజూ గోనె ఎత్తి చూసుకోవాలి. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వెయ్యాలి. సన్న గింజలకు చీమల బాధ ఉంటే, గింజతో పాటు ఒక చెంచా బొంబాయి రవ్వ చల్లండి, చీమలు రవ్వ మోసుకుపోతాయి, గింజను వదిలేస్తాయి. కోసుగడ్డ, కాలీఫ్లవరు నారు కూడా ఇప్పుడే పోయండి, అయితే కాలీఫ్లవరు ఈ నెల దాటితే వద్దు, ఫిబ్రవరి ఎండకు పువ్వు గుండీ అంత అయ్యి ఆగిపోతుంది.

డబ్బాలో ఉండాల్సినవి: బెండ, సొర, బీర, కాకర, దోస, గుమ్మడి. మొలవడానికి నానా తిప్పలు పడి, మొలిచినా బూడిద తెగులుకు దొరికిపోతాయి. రథసప్తమి అటూఇటూ, రాత్రుళ్ళు వెచ్చబడ్డాక, రాత్రంతా గింజ నానబెట్టి వెయ్యండి. పెద్దవాళ్ళు సొర గింజలు పేడలో అద్ది గోడకు కొట్టి ఉంచేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడు గోడకు అంటించాలంటే ఇంట్లో ఒప్పుకోరు లెండి, గాజు సీసాలో పెట్టుకోండి. అవి ఎండాకాలపు కాపు కాబట్టి ఎన్ని పాదులు పెట్టాలో మీ బోరును చూసి నిర్ణయించుకోండి. నీళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు నాలుగు, లేనివాళ్ళు వంటింటి నీళ్ళు మళ్ళించి ఒకే ఒక్క సొర పాదు. కుప్పంలో 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం అని డ్రిప్ పెట్టినప్పుడు దాని మీద ఎన్ని వాదనలు నడిచాయో పెద్దవాళ్ళకు తెలుసు, ఆ వాదన ఎలా ఉన్నా, చుక్కచుక్కగా మొదట్లోనే నీళ్ళు ఇవ్వడం మాత్రం ఆ వైపు ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. పెరటికి పాత ప్లాస్టిక్ సీసా మూతకు సూదితో చిల్లి పెట్టి, తలకిందులుగా గుచ్చినా అదే పని జరుగుతుంది.

కాబట్టి ఈ ఆదివారం మిరప, వంగ, టమోటా ట్రేలోకి. మంగళవారం లోపు బీన్స్, అనప, ముల్లంగి మట్టిలోకి. ట్రే మీద తేదీ రాసిన చీటీ అంటించండి, ఏ వరసలో ఏముందో కూడా. మొలిచినప్పుడు వంగ, మిరప ఒకేలా కనిపిస్తాయి. మూడు వారాల తర్వాత వచ్చే ఎపిసోడ్‌లో ఇదే ట్రేలోంచి నారు తీసి నాటి చూపిస్తాను, గుంత లోతు, మొదటి పది రోజుల నీళ్ళు అప్పుడు మాట్లాడుకుందాం.